నాంపల్లి గార్డు తాత నేర్పిన ఆట

గార్డు తాత పోయారని మొన్న బుధవారం పొద్దున ఆయన పక్కింటి దర్జీ తమ్ముడు వచ్చి చెప్పాడు. "నిద్రలనే పోయిన్రమ్మా. తెల్లారి అవ్వ చాయ ఇయ్యబోతే తెలిసింది" అన్నాడు. బడికి కబురు పంపి, మా అమ్మాయిని తీసుకుని బయలుదేరాను. దానికిప్పుడు ఏడేళ్ళు.

ఆయన నాకు బంధువు కారు. రైళ్ళలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాక, నాంపల్లి స్టేషన్ వెనక సందులో వితంతువైన అక్కతో కలిసి ఉండేవారు. ఆమెను పిల్లలు అవ్వ అనేవారు. ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లలను పగటిపూట ఆ ఇద్దరూ చూసుకునేవారు. పోలీసు చర్య జరిగిన రెండేళ్ళకు నాకు ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో టీచరు పని దొరికింది. మావారి ఉద్యోగం కాజీపేటలో. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. దవాఖానలో నర్సుగా చేసే ఒకావిడ ఈ ఇంటి సంగతి చెబితే, అప్పుడే మాటలు నేరుస్తున్న పాపను ఎత్తుకుని వెళ్ళాను.

ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మొదట అడిగిన ప్రశ్న ఇది.

"పొద్దుమూకి నువ్వు రాలేకపోతే పిల్లను ఎవలకియ్యాలె?"

"నేనే వస్తానండీ."

"వస్తవు బిడ్డా. రాకపోతే అంటున్న."

ఆలోచించి, గౌలిగూడలో మేముండే ఇంటి యజమానురాలి పేరు చెప్పాను. ఆమెకు చీటీ రాసిస్తానన్నాను.

"చీటీ ఎవలన్న తెస్తరు. రేపు ఆమెను తోలుకరా. మొఖం చూడాలె నేను."

తర్వాత, పిల్లకు పడని తిండి ఏదని అడిగారు. ఒంట్లో బాగా లేకపోతే నా కోసం చూస్తూ కూర్చోవాలా, దవాఖానకు తీసుకుపోవాలా అని అడిగారు. తీసుకుపొమ్మన్నాను. "ఔ, గదే కావాలె" అన్నారు. మర్నాడు మా యజమానురాలు దారి పొడుగునా సణుగుతూనే నాతో వచ్చింది. ఆమెను ఎగాదిగా చూసి, చాయ తాగించి పంపారు.

వీధి తలుపుకు గడియ పిల్లలకు అందనంత ఎత్తున ఉండేది. పల్లీలంటే ఆయనకు ప్రాణం. కానీ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయని, ఆఖరి పిల్ల వెళ్ళిపోయేదాకా పొట్లం విప్పేవారు కాదు. పాటలు రావు. పిల్లలను నిద్రపుచ్చడానికి స్టేషన్ల పేర్లు వరసగా చెప్పేవారు. సికింద్రాబాదు, బీబీనగర్, భువనగిరి, ఆలేరు. నాన్న ఉండే కాజీపేట వచ్చేదాకా మేలుకోవాలని మా పాప పంతం. జనగామ దాటి ఎప్పుడూ పోలేకపోయింది.

నాకు నచ్చనిది ఒకటే. రోజూ పొద్దున ఆయన చాప మీద కళ్ళు మూసుకుని పడిపోయినట్టు పడుకునేవారు. పిల్లలు 'తాతా, తాతా' అని కుదిపితే నవ్వుతూ లేచేవారు. ఎంత కుదిపినా లేవకపోతే, అందరిలో పెద్దపిల్ల పెరటి తలుపులోంచి పక్కింటికి పోయి దర్జీ భార్యను పిలవాలి. ఆమెను అందరూ ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, అనేవారు. మిగతావాళ్ళు చాప మీద నుంచి కదలకూడదు. వీధి వైపు అసలు పోకూడదు. అదీ ఆట.

"పొద్దున్నే ఇదేం ఆటండీ, అశుభంగా?" అన్నాను ఒకరోజు.

"నేను ముసలోణ్ణి బిడ్డా. పిల్లకు జ్వరమొస్తే నేనుంట. నాకే ఏమన్నయితే ఈళ్ళకు ఎవలుంటరు?"

పాపను ఆయనకు అప్పగించి బడికి పోయాను.

మా పాపకు నాలుగేళ్ళు నిండి, అక్కడి నలుగురిలో అదే పెద్దదయ్యాక, ఒక ఎండాకాలం ఆ మాటే నిజమైంది. అవ్వకు జ్వరం వచ్చి లోపలి గదిలో పడుకుని ఉంది. తాత పెరట్లో పిల్లల బట్టలు ఆరేస్తూ కూలిపోయారు. మిగిలిన సంగతి ఖాలా నోట విన్నదే.

"నేను మిషన్ కాడ కూసున్న. మీ పిల్ల వచ్చి నా కొంగు గుంజింది. 'తాత లేస్తలేడు' అన్నది. ఆడుతున్నరనుకున్న. 'గిది ఆట కాదు ఖాలా, గిన్నిసార్లు పిలిచినా లేస్తలేడు' అన్నది. ఉరికిన."

దర్జీ ఆయన టాంగా పిలిచి తాతను దవాఖానకు తీసుకుపోయాడు. ఖాలా వచ్చేసరికి మిగతా ముగ్గురూ చాప మీదనే ఉన్నారట. చిన్నవాడు ఏడుస్తున్నాడట గానీ కదల్లేదట. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది.

దర్జీ తమ్ముడు సైకిలెక్కి మా బడికి వచ్చాడు. తరగతి గుమ్మంలో అతన్ని చూడగానే సుద్దముక్క పెట్టేసి ఎదురెళ్ళాను. అతను మాత్రం ముందుగా అన్న మాట "పిల్ల మంచిగున్నదమ్మా" అని. ఆ తర్వాతే తాత సంగతి చెప్పాడు. కబురు తెచ్చేవాళ్ళు అలాగే చెప్పాలని తాత ఎప్పుడో వాళ్ళకు చెప్పి ఉంచారు.

నేను వెళ్ళేసరికి పాప రొట్టె తింటోంది. నన్ను చూసి, "తాత కండ్లు తెరవలేదమ్మా" అంది. అప్పటిదాకా ఏడవని పిల్ల, అది చెప్పాక నా నడుము పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

గుండెకు సంబంధించిన జబ్బన్నారు డాక్టరు. వేళకు తెచ్చారు గనుక బతికారన్నారు. రెండు రోజుల తర్వాత చూడబోతే ఆయన మొదట అడిగింది, "గల్లీలకు ఎవలన్న పోయిన్రా?" అని.

"ఎవరూ పోలేదు."

"అక్కకు జ్వరమున్ననాడు ఖాలాను వచ్చి కూసోమనాల్సింది. ఆడ నేను మర్సిన" అన్నారు.

మంచం దిగాక మళ్ళీ పిల్లలను చేరదీశారు గానీ, ఒంటరిగా మాత్రం చూడలేదు. ఖాలా తన మిషన్‌ను వాళ్ళ వరండాలోకి మార్చింది. ఒక తల్లి భయపడి కొడుకును మాన్పించింది. నేను కోపంగా ఏదో అనబోతే ఆయన ఆపారు. "నా పిల్లగాడైతే నేను గూడ తీస్కపోదును" అన్నారు. మా పాప మటుకు బడిలో చేరేదాకా అక్కడే పెరిగింది. ఆ ఏళ్ళన్నీ నేను తలుపు వైపు చూడకుండా పాఠం చెప్పుకోగలిగానంటే అది ఆయన చలవే.

బుధవారం మధ్యాహ్నానికే ఆయన్ను శ్మశానానికి తీసుకుపోయారు. సంగతి తెలియని తల్లులు పొద్దున పిల్లలను తెచ్చి వదిలి వెళ్ళారట. ఖాలా వాళ్ళను తన ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోతున్నారు. ఒక పిల్లవాడు మిగిలిపోయాడు. అంతవరకూ తన ఇంట్లో మూల గోడకు ఆనుకుని ఉన్న అవ్వ లేచి గుమ్మంలో, ఆఖరి పిల్ల పోయేదాకా తాత నిలబడే చోటికి వచ్చి నిలబడింది. నేను లోపల కూర్చోమంటే "పోత తియ్" అంది గానీ కదల్లేదు. చీకటి పడబోతుండగా ఆ తల్లి రొప్పుతూ వచ్చి కొడుకును ఎత్తుకుంది. వాడు తల్లి భుజం మీదుగా చెయ్యి ఊపాడు. అవ్వ కూడా చెయ్యెత్తింది. వాళ్ళు స్టేషన్ రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.