పసుపు రాసిన టైర్లు

అయినా ప్రతిసారీ నన్నే ఎందుకు అడుగుతారు? టైర్లు కొనాలంటే టైర్ల షాపులున్నాయి కదా! నిన్న మా తెలుగువాళ్ళ గ్రూపులో కొత్తగా చేరినాయన ఎవరో, "ట్రక్కుకి టైర్లు కావాలి. మంచు కొండలకి వెళ్ళినా పనికిరావాలి, ఏడాదంతా సిడ్నీలో తిరిగినా అరగకూడదు. ఏవి మంచివి?" అని అడిగాడు. వెంటనే ముగ్గురు నన్ను ట్యాగ్ చేశారు. "నన్నడక్కండి" అని గట్టిగానే పెట్టాను. పొగరనుకున్నారు. అనుకోనివ్వండి. ఏళ్ళ తరబడి గుండెల మీద మోస్తున్నదాన్ని ఆ గ్రూపులో పెట్టలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

శ్రీధర్ అన్న నాకు చుట్టం కాదు. నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు సిడ్నీ శివార్లలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌ అనే పేటలో వాళ్ళింట్లో ఒక గది తీసుకున్నాను. అద్దె గదికే. అన్నం మాత్రం లావణ్య వదిన అడక్కుండానే పెట్టేది. అన్నది ఏసీలు బిగించే పని. నిచ్చెనా సామానూ వేసుకుని తిరగడానికి నాలుగు తలుపుల ట్రక్కు ఉండేది. ఇక్కడ యూట్ అంటారు. దాని టైర్లు అరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే వదినకి మంచు చూడాలనిపించింది.

మావాళ్ళ పద్ధతి మీకు తెలుసు. షాపువాణ్ణి అడగం, అమ్ముకోవడానికే చెప్తాడని అనుమానం. గ్రూపులో అడుగుతాం. అక్కడ ఎవడు గట్టిగా అరిస్తే వాడి మాటే ఖాయం. అరిచింది నేనే. వారం రోజులు ఫోన్లో అమెరికా వీడియోలు చూసి అందరికీ క్లాసు పీకాను. మామూలు రోడ్డు టైర్లు మంచులో జారతాయన్నాను. అచ్చంగా మంచుకే చేసినవి సిడ్నీ ఎండకి తొందరగా అరుగుతాయన్నాను. ఏ నేల మీదైనా నడిచే రకం తీసుకోవాలి, అదీ పక్కన కొండ బొమ్మా అందులో మంచు పువ్వూ ఉన్న గుర్తు చూసి తీసుకోవాలి అన్నాను. అడ్డు చెప్పిన ఒక అంకుల్‌ని "తెలీకపోతే ఊరుకోండి" అన్నాను. మోడల్ పేరు కూడా నేనే చెప్పాను. అన్న అవే ఆర్డర్ పెట్టి బిగించుకొచ్చాడు.

బయల్దేరే ముందు రోజు ఇంటి ముందు పూజ. టైర్లకి పసుపు రాసి బొట్లు పెట్టే పని వదిన నాకిచ్చింది. వంగి చూస్తే కొండ గుర్తు లేదు. బండి చుట్టూ తిరిగి చూశాను. దేనికీ లేదు. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు మాత్రం ఉన్నాయి. అది టైరు బురదకీ మంచుకీ పనికొస్తుందని కంపెనీ తనకి తాను చెప్పుకునే మాట. కొండ గుర్తు మంచులో పరీక్ష నెగ్గితే వేసేది. అదే మోడల్‌లో అమెరికాలో అమ్మే సైజుకి గుర్తు ఉంది, ఇక్కడి సైజుకి లేదు. నేను చూసుకోలేదు.

అప్పుడే చెప్పొచ్చు. షాపు ఇంకా తెరిచే ఉంది. దారిలో, మంచులో జారకుండా చక్రాలకి చుట్టే గొలుసులైనా అద్దెకి తీసుకుందామనొచ్చు. కానీ గ్రూపులో నేను నోరు మూయించిన ఆ అంకుల్ పూజకొచ్చి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గుర్తు ఉండాల్సిన ఖాళీ చోట నిండుగా పసుపు రాసేశాను.

"చక్రాల కింద నిమ్మకాయలు గూడ పెట్టు తమ్మీ," అంది వదిన.

పెట్టాను.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. మంచులో అంతా బాగానే గడిచింది. సాయంత్రం కొండ దిగుతుంటే నీడ పడిన మలుపులో ముందున్న బస్సు ఆగింది. అన్న బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. చాలా నెమ్మదిగా, అడ్డంగా తిరిగి, రోడ్డు పక్క బండకి గుద్దుకుంది. వదిన భుజం ఎముక విరిగింది. నేను వెనక సీట్లో ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఆసుపత్రి బెంచీ మీద అన్న నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాదే తమ్మీ. నువ్వు మంచి టైర్లే ఇప్పించినవ్. నేనే ఆగమాగమై బ్రేక్ తొక్కిన."

అప్పుడైనా నోరు తెరవాలి కదా? తెరిచాను.

"చెప్పిన కదనే అన్నా, మంచుల బ్రేక్ గట్టిగ తొక్కొద్దని!"

ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన మాత్రం ఎప్పుడన్నానా అని వెతుక్కుంటున్నట్టు కాసేపు నేలకేసి చూశాడు.

"అవు, చెప్పినవ్," అన్నాడు.

కొండ గుర్తు ఉన్న టైర్లయినా ఆ గడ్డకట్టిన రోడ్డు మీద జారేవేమో. జారకపోయేవేమో. తెలుసుకునే దారి లేదు. కానీ ఆ అబద్ధం టైర్ల గురించి కాదు కదా? అది ఎందుకన్నాను? భయమా, పొగరా? ఒక మనిషి తప్పంతా తన నెత్తిన వేసుకుంటుంటే, ఇంకాస్త వెయ్యాలని ఎవడికైనా ఎందుకనిపిస్తుంది?

అన్న మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు. చేతులు వణుకుతాయంటాడు. ట్రక్కు లేకపోతే ఏసీల పని సాగదు. ఇప్పుడు రైలూ బస్సూ మారి వెళ్ళి ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాడు. "మీ అన్నకి బండి అచ్చిరాలే," అంటుంది వదిన, నాకు టీ ఇస్తూ. నేను తాగుతాను.

మెసేజ్ టైప్ చేస్తాను, చెరిపేస్తాను. చెప్తే ఆయన చేతుల వణుకు పోతుందా? పోతే, ఇన్నేళ్ళూ ఊరికే వణికించినవాణ్ణవుతాను. పోకపోతే, తమ్ముడనుకున్న ఒక్కణ్ణీ ఆయన దగ్గర్నుంచి లాగేసినవాణ్ణవుతాను. ఎటు తిరిగినా నాకు చేతకావడం లేదు.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దాచను. కానీ చెప్పాల్సిన మనిషి పక్క వీధిలో ఉండగా, పేరు దాచుకుని ముక్కూ మొహం తెలీని మీకు చెప్పుకోవడం కూడా పిరికితనమే. కాదని మీరెవరైనా అనగలరా?