కృష్ణా గోదావరుల మధ్య, మోరిస్‌విల్‌లో

మా మామగారు కాఫీలో పంచదార తక్కువైనా పైకి చెప్పని మనిషి. పూజ పీట మీద కూర్చుంటే మాత్రం గొంతు ఖంగుమంటుంది. ఏలూరులో ముప్ఫై ఏళ్లు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేం అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్న ఏడాది అత్తగారూ ఆయనా ఆర్నెల్లు ఉందామని వచ్చారు. గృహప్రవేశమైన మరుసటి శనివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. గుళ్లో పూజారిగారికి ఆ వారమంతా బుకింగులే. "ఆయన దొరక్కపోతే ఏం, నేను లేనూ?" అని మామగారే కళ్లజోడు సర్దుకుని కూర్చున్నారు.

ముందు సంకల్పం. ఎవరం, ఎక్కడున్నాం, ఎందుకు పూజ చేస్తున్నాం అన్నది దేవుడికి విన్నవించుకోవడం. ఆయన ఒక్కో ముక్కా చెప్తుంటే అక్షింతలు పట్టుకుని నేనూ, మా ఆయనా, పదకొండేళ్ల మా అమ్మాయీ తిరిగి చెప్తున్నాం. "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అన్నారు, అన్నాం. "కృష్ణా గోదావర్యోర్మధ్య ప్రదేశే" అన్నారు. మేమిద్దరం అన్నాం, అమ్మాయి అనలేదు.

"తాతయ్యా, కృష్ణా, గోదావరి ఇండియాలో కదా? మనం నార్త్ కరోలినాలో ఉన్నాం. గాడ్‌కి రాంగ్ అడ్రెస్ ఎందుకు చెప్తున్నాం?"

"పూజలో ప్రశ్నలేంటి? అందరూ అలాగే చెప్తారు, నువ్వూ చెప్పు" అన్నాడు మా ఆయన.

"రాంగ్ అని తెలుసు కదా. నేను రిపీట్ చెయ్యను" అంటూ అది చేతిలోని అక్షింతలు పళ్లెంలో పోసేసింది. లేవడానికి ఒక కాలు కింద పెట్టింది కూడా.

దాని వయసులో నేను మా నాన్నని ఒక ప్రశ్న అడిగాను. దేవుడు అన్నిచోట్లా ఉంటే గుడికెందుకు వెళ్లాలి అని. "నోరు మూసుకుని దండం పెట్టు" అన్నారు. నోరు మూసుకున్నాను, దండమూ పెట్టాను. ఆ రోజు నుంచి నా చేతులు మాత్రమే దండం పెడుతున్నాయి. ఎన్ని పూజల్లో కూర్చున్నా మనసు వంటింట్లో పులిహోర దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మామగారు ఒక్క కసురు కసిరారంటే నా కూతురు నాలాగా అవుతుంది, లేదా పీట మీదనుంచి లేచి మళ్లీ ఎప్పటికీ కూర్చోదు. ఆయన కసిరితే నేనూ ఊరుకోదలుచుకోలేదు. నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మామగారు కళ్లజోడు తీశారు. అమ్మాయివైపు తిరిగారు.

"నిజమేనమ్మా. కాలువల మీద బతికినవాణ్ని, ఏ నది ఎక్కడుందో చూసుకోవద్దూ? మా నాన్నగారు చెప్పింది నేను చెప్పాను. ఏలూరులో అది సరిపోయింది. ఇక్కడికొచ్చాక ఏం చెప్పాలో నాకు తెలీదు. ఇక్కడ నదులేమున్నాయి?"

అమ్మాయి పెట్టిన కాలు వెనక్కి తీసుకుని ఫోన్ తీసింది. ఒకవైపు నూస్, ఇంకోవైపు కేప్‌ఫియర్, మన ఊరు మధ్యలో ఉంది అని చూపించింది.

"రెండు నదుల మధ్యేనా, ఇంకేం" అని ఆయన తెగ సంబరపడ్డారు. "మరి శ్రీశైలానికి ఏ దిక్కు?"

"ఎర్త్ రౌండ్ కదా తాతయ్యా. ఎటైనా ఓకే."

మా ఆయనకు ఇదేమీ నచ్చలేదు. "నాన్నగారూ, మీరు నేర్పిందే నేను చెప్తాను. నాకు మార్చబుద్ధి కావట్లేదు" అన్నాడు.

"నువ్వు అదే చెప్పరా. అది దానిది చెప్తుంది. మనవాళ్లు దేవుడు లేడని వాదించినవాణ్ని కూడా ఋషి అనే అన్నారు. నదుల దగ్గర కొట్టుకుంటామా?"

అలా ఒకే పూజలో తండ్రి కృష్ణా గోదావరుల మధ్యా, కూతురు నూస్ కేప్‌ఫియర్ల మధ్యా కూర్చున్నారు. ప్రసాదం చల్లారిపోతోందని అత్తగారు రెండుసార్లు దగ్గారు.

ఆ సాయంత్రం మామగారితో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, నా పాత ప్రశ్న ఆయన్నే అడిగేశాను.

"గుడికెందుకంటే, ఇంట్లో ఉంటే మీ అత్తగారు పని చెప్తుందని" అని నవ్వారు. తర్వాత అన్నారు, "నాకూ తెలీదమ్మా. వెళ్తే బావుంటుంది, వెళ్తాను. వెళ్లనివాళ్లని తప్పుపట్టను." ముప్ఫై ఏళ్లు మోసిన ప్రశ్నకు వచ్చిన జవాబు ఇంతే. అయినా ప్రాణం హాయిగా ఉంది.

తర్వాత అత్తగారూ మామగారూ వేరే రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో ఉన్న మా బావగారింటికి వెళ్లారు. వినాయకచవితి పొద్దున మా అమ్మాయి పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంటే మామగారు ఫోన్ చేశారు. అది స్పీకర్లో పెట్టింది.

"అలవాటుగా ఇక్కడ కూడా నూస్ అనబోయానమ్మా. ఇక్కడి నది పేరు చూసి చెప్పు."

అది వెతికి, "ట్రినిటీ. ఎల్మ్ ఫోర్క్, వెస్ట్ ఫోర్క్ అని రెండు పాయలు. ఇర్వింగ్ మధ్యలో ఉంది" అంది.

"ట్రినిటీ అంటే?"

"క్రిస్టియన్స్‌కి గాడ్ ఒక్కరే, కానీ త్రీ పర్సన్స్. దాన్నే ట్రినిటీ అంటారు."

వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది. "నాన్నగారూ, ఆ పేరెందుకు మన పూజలో? అమెరికా అని ఊరుకోండి."

"ఎవరి దేవుడి పేరైతేనేంరా, ఆ నీళ్లు మనం తాగట్లేదూ?" అన్నారు మామగారు. ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయి మొదలుపెట్టేశారు. "ట్రినిటీ నద్యాః తీరే" అని ఆ ఖంగుమనే గొంతు మా వంటింట్లో వినిపించింది.

మా అమ్మాయి చెంచా గిన్నెలో పెట్టి, కళ్లు మూసుకుని, చేతులు జోడించింది. నేనూ జోడించాను. జోడించమని దానికి నేను చెప్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు.