భూపాల్ సారు డెఫినిషన్లు

భూపాల్ సారు పేరు తీస్తేనే నాకు ఒళ్ళు మండుతది. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుంగ, చెప్పుల దుకాణం మీది రూముల ఇంగ్లిష్ కోచింగ్ నడుపుతడు. రోజూ పెద్దపెద్ద మాటలు బోర్డు మీద రాస్తడు. వాటి డెఫినిషన్లు ఇంగ్లిష్‌లనే అప్పజెప్పాలె. ఎవరన్న నోరుజారి తెలుగుల అర్థం చెప్పిండ్రా, అయిపాయె! "బర్రెలు కాసేటోళ్ళకు డిక్షనరీ ఎందుకు?" అని అందరి ముందట ఇజ్జత్ తీస్తడు.

గీయన ఏమన్న లండన్ల పుట్టిండా? మహారాష్ట్ర బార్డర్ కాడి బిచ్కుందల పుట్టిండు. ఇంట్ల మాట్లాడేది మరాఠీ. వాళ్ళవ్వ గంగాబాయి ఫోన్ చేస్తే మెట్ల కిందికి ఉరికి, గోడ దిక్కు తిరిగి గుసగుస మాట్లాడుతడు. పైకొచ్చి "రాంగ్ నంబర్" అంటడు. కన్నతల్లి రాంగ్ నంబరట! థూ.

నా పక్కన రేఖ కూసుండేది. తండా పిల్ల. వాళ్ళ నాయిన ప్రేమ్‌సింగ్ ఏటా చెరుకు కొట్టనీకి మహారాష్ట్రకు పోతడు. నడుము పోయిన మనిషి. తనకు నౌకరి దొరికితే నాయినను ఇంటికాడ కూసోబెట్టాలని రేఖ పట్టుదల. కామారెడ్డిల ఒక ప్రైవేటు దవాఖానల రిసెప్షన్‌కు మనిషి కావాలన్నరు. రేఖ బోర్డు మీది మాటలన్నీ మింగేసింది. 'ఎలక్వెంట్', అంటే ధారాళంగ మాట్లాడేటోళ్ళు, ఆ మాట డెఫినిషన్ నిద్రల లేపి అడిగినా చెప్పేది. పోయే ముందర సారు పిలిచి, "నీ లంబాడి మాట ఒక్కటి బయటపడ్డా నౌకరి పోతది, యాదుంచుకో" అన్నడు.

నేను తోడు పోయిన. వచ్చిన ఆడపిల్లలను ఒక్కొక్కరిని కౌంటర్ల కూసోబెట్టి చూస్తున్నరు. రేఖ వంతు రాంగనే ఒక తండా ముసలవ్వ, జరంతోటి కాలిపోతున్న మనుమరాలిని భుజాన ఏసుకొని వచ్చింది. లంబాడిల గడగడ చెప్పుకుంటున్నది. రేఖకు ప్రతి మాటా సమజైతున్నది, మొఖంల కనబడుతనే ఉన్నది. గాని "ప్లీజ్ బి సీటెడ్" అన్నది. ముసలవ్వ ఏడ్చింది. మళ్ళ గదే, "ప్లీజ్ బి సీటెడ్."

మేనేజర్ మేడం వచ్చి, "నీకు లంబాడి వస్తదా?" అని అడిగింది.

"నో మేడం" అన్నది రేఖ.

ఆఖరికి నౌకరి కోసమే వచ్చిన ఇంకో తండా పిల్ల లేచి ముసలవ్వతోటి మాట్లాడింది, బిడ్డను లోపలికి తీస్కపోయింది. నౌకరి ఆమెకే ఇచ్చిండ్రు. "మా దగ్గరికి తండాలోళ్ళే ఎక్కువొస్తరు, వాళ్ళ మాట వచ్చినోళ్ళే కావాలె" అన్నది మేడం.

నౌకరి రాలేదని తెలిసి తెల్లారి క్లాసుల సారు ఊకున్నడా? "ఎంత నేర్పినా తండా బుద్ధి యాడికి పోతది! భయపడి నోరు మూసుకొని ఉంటవు" అని రేఖను ఎక్కిరించిండు.

రేఖ లేచి నిలబడ్డది. "నోరు మూసుకొమ్మన్నది మీరే సార్. మీరు మీ అవ్వను రాంగ్ నంబర్ అంటరు. నేను మా అవ్వసొంటి మనిషి ఏడుస్తుంటే కూసొమ్మన్న. మీ చదువు నాకు మంచిగనే ఒంటబట్టింది" అన్నది.

సారు బోర్డు దిక్కు తిరిగి, రాసిన మాటలు తుడుసుకుంట నిలబడ్డడు.

దసరా ఎల్లినంక ప్రేమ్‌సింగ్ మళ్ళ చెరుకు కొట్టనీకి పోయిండు. ఈసారి రేఖ గూడ కోచింగ్ బంద్ జేసి, కొడవలి పట్టుకొని నాయిన ఎంబడి లారీ ఎక్కింది.