ఆసుపత్రి గోడ వెనక సిగ్నల్

నాన్న పోయిన మూడో నెలలో ఆయన పనిముట్ల పెట్టె మూత తీశాను. డీజిల్, గ్రీజు, ఎండిపోయిన రబ్బరు, తుప్పు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. లారీ వీధి మొగదల ఆగాక నాన్న గుమ్మంలోకి రాకముందే ఇంట్లోకి వచ్చే వాసన అది. స్పానర్లు, జాకీ రాడ్డు, తాడు ఉండలు తీస్తూ పోతే అడుగున పాత తువ్వాలు ముక్కలో చుట్టిన చిన్న వస్తువు చేతికి తగిలింది. విప్పి చూస్తే అక్క ఆడుకున్న గేమ్ డబ్బా. వెండి రంగుది, పుస్తకంలా మూసి తెరిచేది, లోపల రెండు తెరలు. దాన్ని సాగర్ కాలువలో పారేశానని నాన్న నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు చెప్పాడు. పోయేదాకా ఆ మాటే మా అందరికీ నిజం.

దానికి సరిపోయే చార్జరు ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టాను. రెండు గంటలకి పచ్చ దీపం వెలిగింది. తెర మీద అక్క తనకు తాను పెట్టుకున్న పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, ‘సిరి’ అని వచ్చింది. మా అక్క పేరు శిరీష.

అప్పట్లో మేము నరసరావుపేటలో పత్తి మిల్లులకు దగ్గరగా ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే బేళ్ళు మోసే లారీల మీంచి రేగిన దూది మా సందంతా ఎగిరేది. ఆరేసిన బట్టల మీద, నాయనమ్మ ఎండబెట్టిన వడియాల మీద, ఆవిడ నమిలే తమలపాకుల కట్ట మీద కూడా తెల్లగా పేరుకునేది, ఆవిడ ఊదుకుంటూ తిట్టుకుంటూ ఒక్కో ఆకూ ఒళ్ళో తుడుచుకునేది. ఎండాకాలం మిరపకాయల బండ్లు వెళ్ళినప్పుడల్లా సందు మొత్తం తుమ్మేది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళి, ఆకాశమంత ఎత్తు ప్రభల మీద కదిలే రంగు దీపాలు చూసి, చెరుకు ముక్కలు నమిలి నమిలి నోరు కోసుకుపోయి, మర్నాడు పచ్చడి మెతుకులు తినలేక ఏడ్చేవాళ్ళం. మట్టి అరుగు మీద అక్కా నేనూ బొగ్గుతో గీసుకున్న అష్టాచెమ్మా గళ్ళు వానాకాలం దాకా చెరిగేవి కావు. ఏ ఆటలోనూ అక్కను ఓడించిన గుర్తు నాకు లేదు. వామనగుంటల్లో గింజలు పంచకముందే ఏ గుంటలో ఆగుతాయో చెప్పేసేది.

గల్ఫ్‌లో ఒక సేటు ఇంట్లో కారు తోలే బాబాయి, ఆ సేటు పిల్లలు ఆడుకుని విసుగేసి పక్కన పడేసిన డబ్బాను ఒక దసరాకి తెచ్చిచ్చాడు. అక్క అప్పుడు పదో తరగతి. డబ్బాలో ఉన్నది ఒకటే ఆట, కార్ల పందెం. నాలుగు రోజుల్లో అందులో ఉన్న పందేలన్నీ అక్క గెలిచేసింది. ఆ తర్వాత నిఘంటువు ముందు పెట్టుకుని మెనూలో ఒక్కో ఇంగ్లీషు మాటా వెతుక్కుంటూ కూర్చుంది. ‘వైఫై’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. నిఘంటువులో ఆ మాట లేదు. బడిలో కంప్యూటర్ సారును అడిగింది. గాల్లో వచ్చే ఇంటర్నెట్టమ్మా అది, మన ఊళ్ళో ఇంకా ఎవరింట్లోనూ ఉండదులే అన్నారట ఆయన.

అక్క ఆ మాటతో ఊరుకోలేదు. డబ్బా తెరిచి చేత్తో పట్టుకుని, వెతుకుతున్నట్టు ఎవరికీ తెలియకుండా, నన్ను వెంటేసుకుని మా వీధులన్నీ తిరిగింది. మా సందు వెనక కొత్తగా కట్టిన ఒక నర్సింగ్ హోమ్ ఉండేది. దాని వెనక గోడ పక్కన, జనరేటర్ గది దగ్గర నిలబడగానే తెర మీద మూడు గీతలు నిండుగా వెలిగాయి. డాక్టరు గారు తన కోసం పెట్టుకున్న ఇంటర్నెట్, దానికి తాళం వేయాలని ఆయనకు తోచినట్టు లేదు. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పాలకు వెళ్ళే పని మాదే అయింది. అంతకు ముందు ‘నువ్వెళ్ళు, నువ్వెళ్ళు’ అని పోట్లాడుకునేవాళ్ళం. పాల గిన్నె నా చేతిలో, డబ్బా అక్క చేతిలో. గోడకు వీపు ఆనించి, ఒక కాలు మడిచి గోడకు పెట్టి, అక్క ఆడుతూ ఉండేది. లోపలినుంచి స్పిరిట్ వాసన, ఎవరో పసిబిడ్డ ఏడుపు, జనరేటర్ వేసినప్పుడు కాళ్ళ కింద నేల అదురు. తెర మీద నాలుగు కార్లు. మిగతా మూడింటినీ ఎక్కడెక్కడో, ఏయే దేశాల్లోనో కూర్చున్న మనుషులు నడుపుతున్నారని అక్క చెబితే మొదట నమ్మలేదు. వాళ్ళ పేర్లు కార్ల మీద కనిపించేవి. కొన్ని మాకు చదవరాని లిపుల్లో, బొమ్మల్లా ఉండేవి. చదవగలిగిన ఒక పేరు మాత్రం చాలాసార్లు వచ్చేది. డానీ. ఆ కారు ఒక్కటే అక్కను ఓడించేది. ‘వచ్చాడే, వచ్చాడు!’ అని అక్క నవ్వేది. మాటలు లేవు, ఉత్తరాలు లేవు, ఆ డబ్బాలో మాట్లాడే వీలే లేదు. ఒక పేరు, ఒక నీలం కారు, అంతే. ఆ నీలం కారును మొదటిసారి ఓడించిన సాయంత్రం అక్క ముఖం నేను మళ్ళీ ఏ పెళ్ళిలోనూ, ఏ పండగలోనూ చూడలేదు.

నాకు మాత్రం గోడ దగ్గర ఒక్కసారీ ఇవ్వలేదు. “ఉండవే, సిగ్నల్ పోయిద్ది” అనేది. ఇంటికొచ్చాక ఇచ్చేది, కానీ ఇంట్లో ఆడితే ఎదురుగా ఉండేది డబ్బాయే, మనుషులు కాదు. తిరునాళ్ళ వెళ్ళిన వారం ఒక సాయంత్రం నేను ఏడ్చి, కాళ్ళు నేలకేసి కొట్టి అడిగాను. అక్క తల కూడా ఎత్తలేదు. పాలు సగం ఒలకబోసి ఇంటికి వచ్చాను.

అదే రోజు మధ్యాహ్నం పక్కింటి రమణత్త మా అమ్మతో చెప్పిపోయింది: “ఏమే, మీ పెద్దది రోజూ ఆసుపత్రి గోడ కాడ నిలబడి ఏందో చూసుకుంటా నవ్వుకుంటా ఉంటంది. ఈడొచ్చిన పిల్ల. కనుక్కో.” అమ్మ లారీ దిగిన నాన్నతో చెప్పింది. నాన్న అక్కను పిలవలేదు. నన్ను పిలిచాడు. చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుని, నన్ను మోకాలి మీద కూర్చోబెట్టుకుని, జేబులోంచి వేరుశనగ చెక్కీ తీసిచ్చి, మెల్లగా అడిగాడు.

“అక్క ఆడ ఎవరితో ఉంటందిరా, చిన్నీ?”

“డానీతో” అన్నాను.

“ఎవుడు వాడు?”

“తెలవదు నాన్నా. రోజూ వస్తాడు. వాడొస్తే అక్క నవ్విద్ది.”

చెప్పిన మాటలన్నీ నిజమే. అబద్ధం ఒక్కటి కూడా లేదు. దాని తర్వాత చెప్పాల్సిన మాట, వాడు మనిషిగా రాడు నాన్నా, తెర మీద కారుగా వస్తాడు అన్న మాట, నాకు తెలుసు. నోట్లో చెక్కీ ఉంది. మనసులో పాల గిన్నె కోపం ఉంది. చెప్పలేదు.

ఆ నర్సింగ్ హోమ్‌లో పనిచేసే నర్సమ్మకు డేనియల్ అని ఇంటర్ చదివే కొడుకు ఉన్నాడు. రోజూ సాయంత్రం సైకిలు మీద అమ్మకు క్యారేజీ తెచ్చేవాడు. వాళ్ళు చర్చి వెనక పేటలో ఉండేవాళ్ళు. మా వాళ్ళు వాళ్ళింట మంచినీళ్ళు తాగరు. డానీ అంటే వాడేనని తేల్చుకోవడానికి ఇది చాలు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అక్కను ఆ పూటే కొట్టి గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. డానీ అంటే ఎవరో డబ్బాలో చూపిస్తానని అక్క లోపలినుంచి తలుపు బాదింది. చూడటానికి కూడా ఇష్టపడక నాన్న దాన్ని లారీలో పడేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం దాన్ని కాలువలో పారేశానంటూ నాన్న తిరిగొచ్చాడు, గురజాల నుంచి మా మేనమామ వచ్చాడు. ఆయనా నాన్నా కలిసి ఆ గోడ దగ్గరే డేనియల్‌ని సైకిలు మీంచి లాగి కొట్టారు. క్యారేజీ ఊడి చారన్నం మట్టిలో పడింది. వాడు ‘ఎందుకు సార్, ఎందుకు సార్’ అని అడుగుతూనే ఉన్నాడు. నర్సమ్మ తెల్లచీరతో పరిగెత్తుకొచ్చి నాన్న కాళ్ళు పట్టుకుంది. వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వాళ్ళు ఊళ్ళో కనిపించలేదు.

అక్క చేత పదో తరగతి పరీక్షలు రాయించారు, ఎందుకంటే హాల్ టికెట్ వచ్చేసింది. మంచి మార్కులతో పాసైంది. ఆ మార్కుల కాయితం ఎవరూ పటం కట్టించలేదు. పదిహేడు నిండకముందే ఆ మేనమామకే ఇచ్చి చేశారు. గురజాల పక్కన పల్లెలో మిరప తోటలు, గేదెలు, ఇద్దరు పిల్లలు. నేను పదో తరగతికి వచ్చేసరికి మాత్రం నాన్న మారిపోయాడు. తనే గుంటూరు తీసుకెళ్ళి కాలేజీలో చేర్చాడు, సెల్ ఫోన్ కొనిచ్చాడు, ఎవరితో మాట్లాడుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. అక్కకు చేసినదానికి పరిహారం నాకు చెల్లించాడనుకుంటాను. నేను కంప్యూటర్లు చదివి మళ్ళీ నరసరావుపేటలోనే పాఠాలు చెప్పుకుంటున్నాను. అక్కకు రావాల్సిన చదువు నాకు వచ్చిందని తెలిసే తింటున్నాను ఆ జీతం.

డబ్బా దొరికాక అది పని చేసేలా చేసి అక్క చేతిలో పెట్టాలనిపించింది. మా ఇంటి వైఫై పేరు అది చూపించింది, పాస్‌వర్డ్ కొట్టాను, కుదరదంది. పదిసార్లు కొట్టాను. నెట్ కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిస్తే చూసి నవ్వాడు. “ఇది తాతల కాలంది మేడం. ఇప్పటి రూటర్‌కు వేసే తాళం దీనికి తెలవదు. గెస్ట్ లైను ఒకటి తాళం లేకుండా పెట్టుకోండి, పనైపోంగానే తీసెయ్యండి” అన్నాడు. పాస్‌వర్డ్ లేని లైను పెట్టాను, దాని వేగం తగ్గించి పాత పద్ధతికి మార్చాను. ఆ ఆట నడిపే సర్వర్లు ఎప్పుడో మూసేశారు. ఎవరో అభిమానులు సొంతంగా ఒకటి నడుపుతున్నారని చదివి, వాళ్ళు చెప్పిన అంకెలు డబ్బా సెట్టింగుల్లో వేశాను. మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం తెర మీద గీతలు నిండాయి.

అక్క కంటి పరీక్షకు నరసరావుపేట వచ్చినప్పుడు భోజనాలయ్యాక తెచ్చి చేతిలో పెట్టాను. చాలాసేపు మూత తెరవలేదు. మిరపకాయలు కోసి కోసి నల్లబడిన బొటనవేలితో మూత అంచు తడుముతూ కూర్చుంది. తర్వాత తెరిచి, నేను చెప్పకుండానే మెనూలోకి వెళ్ళి, పందెం పెట్టింది. ‘ఆటగాళ్ళ కోసం వెతుకుతున్నాం’ అని వచ్చింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలైనా ఒక్క పేరూ రాలేదు.

“అక్కా, ఆ రోజు నాన్నకు చెప్పింది నేనే” అన్నాను. పదహారేళ్ళుగా చెప్పాలనుకున్న మాట అది.

“తెలుసులేవే. నాన్న నీ పేరు చెప్పే కొట్టాడు.” తెర మీంచి చూపు తిప్పలేదు అక్క. “చిన్నదానివి, కోపమొచ్చింది, చెప్పావు. అది కాదే నాకు. మర్నాడు వాణ్ణి కొడతా ఉంటే నువ్వు ఆడే ఉన్నావంటగా. నేను గదిలో ఉన్నా, గొళ్ళెం వేసి. నువ్వు బయటున్నావు. ‘వాడు కాదు’ అని ఒక్క మాట ఎందుకనలా?”

ఉన్నాను. పాల గిన్నె పట్టుకుని జనరేటర్ గది పక్కన నిలబడి అంతా చూశాను. భయమేసిందని చెబుదామనుకున్నాను.

అక్క డబ్బా మూసి నా ఒళ్ళో పెట్టింది. “నాకొద్దు. మీ మామయ్య చూస్తే మళ్ళా అదొక గోల” అని లేచి మొహం కడుక్కుంది. ఆటో ఎక్కేముందు ఒక్కటే అడిగింది.

“ఆ నర్సమ్మ పేరేందే?”

నాకు తెలియదు. అమ్మను అడిగాను, నర్సమ్మ నర్సమ్మే అంది. రమణత్త ఇప్పుడు వినుకొండలో కూతురి దగ్గరుంటే ఫోన్ చేసి అడిగాను, ఆవిడకూ తెలియదు. నర్సింగ్ హోమ్ ఉన్నచోట నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. ఆ గోడా లేదు, జనరేటర్ గదీ లేదు, డాక్టరు గారు ఊరొదిలి చాలా కాలమైంది. తాళం లేని లైను ఆ సాయంత్రమే తీసేశాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, భూమి మీద ఎవరినైనా రెండు నిమిషాల్లో వెతికిపెట్టే ఆ పెట్టెలో ‘డేనియల్, నరసరావుపేట’ అని కొట్టాను. వందల మంది వచ్చారు. వాడి ఇంటి పేరు తెలియదు. వాళ్ళమ్మ పేరు తెలియదు. ఇంకేం కొట్టాలో తెలియలేదు.