ఎరకు పెళ్ళిచూపులు

హారిస్ పార్క్‌లో మా పక్కగదిలో ఉండే సాఫ్ట్‌వేర్ అన్న చేపలు పట్టడానికి నదికి వెళ్తే, ఏ ప్లాస్టిక్ ఎరనైనా ముందు కాళ్ళ దగ్గరి ప్రవాహంలో వదిలి చూసేవాడు. పక్కకి దొర్లిందా, తిరిగి డబ్బాలోకే.

"పెళ్ళిచూపులైనా ఇంతసేపు పట్టవన్నా!" అనేవాణ్ణి.

"మెరుపు చూడకురా, ఎదురీదుతుందో లేదో చూడు."

2000 రాగానే కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న వై2కే గండం గడిచింది, కంపెనీకి అన్నతో పని తీరింది. వీసా గడువులోగా ఇంకో ఉద్యోగం దొరకలేదు. ఇండియాకి వెళ్ళిపోయే ముందు ఆదివారం కూడా నన్ను నెపియన్ నదికి లాక్కెళ్ళాడు. తళతళలాడే ఎరలన్నీ దొర్లిపోయాయి. రంగు రాలిన పాతదొక్కటే తిన్నగా ఈదింది. దానికే బలిసిన బాస్ చేప పడింది.

"పులుసు పెట్టేద్దామన్నా!" అన్నాను.

అన్న కొక్కెం ఊడదీసి, చేపని నీళ్ళలో వదిలేశాడు.

"మా ఇద్దర్లో ఒకరైనా ఇక్కడ ఉండనీరా."