పుట్టినరోజు తోక

అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన రామలక్ష్మి, గల్ఫ్‌లో మహూజ్ అనే పేటలో ఒక డచ్ కుటుంబానికి ఆరేళ్లుగా వంట చేస్తోంది. ఆ ఇంటి పాప సానెకి ఎనిమిదేళ్లు. బడిలో చదువంతా ఇంగ్లీషే కాబట్టి శనివారాలు డచ్ క్లాసుకి వెళ్తుంది.

ఒక శనివారం పాప ముఖం ముడుచుకుని వచ్చింది. ఇక చదవనంది. డచ్‌లో మూడు నాలుగు మాటలు కలిపి సందు లేకుండా ఒకే మాటగా రాస్తారు. కథలో 'ఫర్‌యార్‌దఖ్స్‌తార్ట్' వచ్చింది. పుట్టినరోజు కేకు అని అర్థం. పాప 'స్' దగ్గర తప్పు విరిచి 'స్తార్ట్' అని చదివింది. అది తోక. పుట్టినరోజు తోక అనేసరికి క్లాసంతా నవ్వింది.

ఆ కేకు ఏటా చేసేది రామలక్ష్మే. పుస్తకం తెచ్చి, తెలిసిన మాటలు వెతకమంది. ఫర్ మొదట చేరే ముక్క, యార్ ఏడాది, దఖ్ రోజు, తార్ట్ కేకు. మిగిలిన 'స్' అతుకు, అది ముందు మాటకే అంటుకుంటుంది. ముక్కలన్నీ తెలుగులో రాసుకుంది. దీర్ఘాలు చక్కగా కుదిరాయి. ముక్కకో చప్పట్టు కొడుతూ ఇద్దరూ చదివారు. 'ఖ' మాత్రం ఆమెకి 'క' అయిపోతోంది. పాప పకపకా నవ్వింది.

మర్నాడు డ్రైవరు లియాఖత్‌ని అడిగింది. ఆయనది నిజామాబాద్.

"ఖలాస్ అంటవ్ గద చెల్లె, గట్లనే గొంతులకెల్లి తియ్యాలె."

"ఖలాస్‌నీ 'క'తోనే అంటున్నానండి భాయ్, ఇన్నాళ్లూ."

వారమంతా వంటింట్లో పాపా ఆమే డబ్బాల మీది డచ్ పేర్లన్నీ విరిచి చదివారు.

తరువాతి శనివారం సానె తడబడకుండా చదివింది. నేర్పిన మనిషి బయట కారులో ఉందని టీచరుకి చెప్పింది. ఆవిడ రామలక్ష్మిని లోపలికి పిలిచి, బోర్డు మీద ఒక పొడుగు మాట రాసింది. రామలక్ష్మి తెలిసిన ముక్కలు వెతికింది. ముందుది స్లాప్, నిద్ర. తరువాతది కామర్, గది. మధ్యలో రెండు 'ర'లున్నాయి. చెరో వైపుకీ ఒకటి పంచింది.

"స్లాప్, కామర్, రామ్."

పిల్లలు చప్పట్లు కొట్టారు. పడకగది కిటికీ అని టీచరు అర్థం చెప్పింది.

"రామ్ అంటే కిటికీయాండీ?" అని రామలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. తన పేరులో సగం అదేనని చెప్పేసరికి టీచరూ నవ్వింది. వచ్చే వారం నుంచి వెనక బెంచీలో కూర్చోమంది. ఇంట్లో పాప తల్లి, మేడమ్ కూడా సరేనంది. ఇప్పుడు శనివారం వస్తే పాపకంటే ముందే ఆమె తయారవుతుంది.