కొంగ తలకిందులైతే

రామమోహనరావు గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎదుటివాళ్ళ కంచాలు తిప్పడం. కంచం మీది బొమ్మ తలకిందులుగా కనబడిందా, ఆయన అగ్గిమీద గుగ్గిలమైపోతారు. తింటున్నది ఎవరన్నది చూడరు. వెనకనుంచి వచ్చి, చెయ్యి చాపి, గిర్రున తిప్పేస్తారు.

అమెరికాలోని షాంటిలీలో ఆయన్ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. అంతటి మనిషి ఏడాదిన్నరగా, ఇళ్ళలోని పాత సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్స్ వెంటపడి జపాను పింగాణీ కంచాలు పోగేస్తున్నారు. తెల్లటి పింగాణీ మీద నీలిరంగు కొంగ, అంచు చుట్టూ ఎర్రపూలు, సన్నటి బంగారు గీత. ఉత్త పూల కంచాలైతే ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు. వాటికి తలా తోకా లేదంటారు. కొంగని గీసినవాడు తినేవాళ్ళకేసి తిప్పి గీశాడనీ, దాన్ని తలకిందులు చేసి పప్పు పోసుకోవడం వాణ్ణి అవమానించడమేననీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ క్లాసు పీకుతారు.

మొన్నటికి మొన్న పక్కవీధి ఫణి పెరుగన్నంలో చెయ్యి పెట్టబోతుంటే కంచం తిరిగిపోయి వేళ్ళు ఆవకాయలో పడ్డాయి. ఆ కంగారులో అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. అప్పట్నుంచీ ఎప్పుడు భోజనానికి పిలిచినా వాళ్ళావిడ మనీషా తాము డైట్‌లో ఉన్నామంటోంది. పేపర్ ప్లేట్లకీ మినహాయింపు లేదు. బర్త్‌డే పార్టీలో ఏడేళ్ళ హాసిని ప్లేటు మీది గుర్రాన్ని నిలబెట్టబోయి, కేకుని కార్పెట్ పాలు చేశారు. పైగా ఆ పిల్ల మీదే గయ్యిమన్నారు.

ఇదంతా చూసి ఒళ్ళు మండిపోయింది ప్రమోదకి. ఆమె రావుగారి భార్య ఉమామహేశ్వరికి స్వయానా చెల్లెలు. కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి రెండు వారాలకని వచ్చింది. అక్కకి ఏడాదిన్నర కిందట స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి, మాట ఖణీమంటోంది, మనిషి మాత్రం చిక్కిపోయింది. చిక్కక చస్తుందా? ముద్ద నోట్లో పెట్టుకునేలోపు కంచం లాగేసే మొగుడు దొరికాడాయె. ప్రమోద నాలుగు రోజులు పళ్ళబిగువున ఓర్చుకుంది. ఐదో రోజున అక్కని తనతో తీసుకుపోవడానికి టికెట్ బుక్ చేసేసింది. ముందు బావగారిని నాలుగు దులిపేసి, ఆ తరవాత అక్కతో చెబుదామనుకుంది.

ఆ రోజు ఆదివారం. భోజనానికి అవినాష్, నమ్రత అనే కొత్త దంపతులొచ్చారు. పప్పూ వంకాయ కూరా సగమయ్యేసరికి రావుగారు లేచి ప్రదక్షిణం మొదలుపెట్టారు. గొణుగుతూ అవినాష్ కొంగని నిలబెట్టారు. కసురుతూ నమ్రత కొంగని నిలబెట్టారు. ఉమామహేశ్వరి ఇక చాలన్నట్టు అప్పుడే చెయ్యి తీసేసింది. ఆమె కంచంలో కొంగ నిక్షేపంగా నిలబడే ఉంది. ఆయన దాన్ని తిప్పి తలకిందులు చేశారు.

దొరికాడనుకుని ప్రమోద నోరు తెరిచింది. అంతలో చూపు కిందికి దిగింది. అక్క కంచంలో సగం తుడిచినట్టు ఖాళీ. రెండో సగంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంతసేపూ ఎడమవైపు ఉండిపోయిన అన్నం, కూర ఇప్పుడు కుడివైపుకొచ్చాయి. వంకాయ కూర ఇంకా ఉందే అనుకుంటూ అక్క మళ్ళీ కలుపుకుంది.

ప్రమోద బావగారిని వంటింట్లోకి లాక్కుపోయింది.

"అక్కయ్యకి ఎడమవైపు కనపడదా బావగారూ?"

"కళ్ళు బాగానే ఉన్నాయి. మెదడే అటు చూడనంటోంది. అటువైపొకటి ఉందనే తోచదు తనకి."

స్ట్రోక్ వచ్చిన కొత్తలో ఎవరింటికో వెళితే, ఒకావిడ పదిమందిలో, పాపం సగం కంచం వదిలేశారే అందిట. ఉమామహేశ్వరి ముప్పయ్యేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. నాలుగు రోజులు బల్ల దగ్గరికే రాలేదుట.

"తనొక్కదాని కంచం తిప్పితే అది తన రోగం. అందరివీ తిప్పితే నా పిచ్చి," అన్నారు రావుగారు. "నాకేం పోయింది. నవ్వుకుంటారు, అంతేగా."

"అక్కయ్యకి తెలుసా?"

"నేనడగలేదు, తను చెప్పలేదు. రోజూ తిడుతుంది మాత్రం."

ప్రమోదకి కోపం తగ్గలేదు సరికదా, ఇంకో నాలుగింతలైంది. ఈసారి తన మీద. అక్క పక్కన కూర్చుని ఐదురోజులుగా తింటూ, బావగారి చెయ్యి తప్ప అక్క కంచం చూడని తన కళ్ళ మీద.

"ఈ ముక్క నాకు ముందే చెప్పి చావచ్చుగా," అని ఆయన మీద కూడా ఒకటి విసిరి, అక్కడే ఫోన్ తీసి టికెట్ క్యాన్సిల్ చేసేసింది.

వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి అక్క చారన్నం కుడి సగం ముగించింది. ఎడమ సగం అలాగే ఉంది. నమ్రత మంచి పిల్లే, మనసులో ఏమీ లేదు. ముందుకి వంగి, "ఆంటీ, ఈ సైడ్ మీరసలు..." అని మొదలుపెట్టింది.

"నమ్రతా, ముందు నీ కొంగ సంగతి చూసుకో," అని ప్రమోద వేసిన కేకకి ఆ పిల్ల అదిరిపడింది. "కాళ్ళు ఆకాశంలో పెట్టింది. ఇంట్లో తినడం నేర్పలేదా మీకు?"

విసవిసా వచ్చి నమ్రత కంచం తిప్పింది. అవినాష్ చెయ్యి కంచంలో ఉండగానే అదీ తిప్పింది. చారు అతని చొక్కా మీదికెక్కింది. ఆ ఊపులోనే అక్క కంచాన్నీ ఒక తిప్పు తిప్పేసింది.

ఉమామహేశ్వరి చెల్లెల్ని ఎగాదిగా చూసింది. తరవాత వంటింటివైపు తిరిగి, "ఏవండీ, మీ పిచ్చి దీనికి కూడా అంటించారా," అని విసుక్కుంటూ, మిగిలిన చారన్నం చివరి మెతుకుదాకా తినేసింది.